చలిని పనిలో పెట్టండి: పిల్లలతో ఆరుబయట చలికాలపు బొమ్మలు

చలికాలంలో పిల్లల చేత బయట బొమ్మలు చేయించాలనుకున్నప్పుడు పెద్దవాళ్లు మామూలుగా ఒక పని చేస్తారు. ఇంట్లో బల్ల మీదున్న రంగులు, కాగితం, జిగురు, కత్తెర అన్నీ సంచిలో వేసుకుని బయటికి తీసుకెళ్తారు. పావుగంట తిరక్కుండానే అందరికీ విసుగొస్తుంది. ఆ చలికి జిగురు ఆరదు. మైనపు క్రేయాన్లు పెళుసెక్కి పుటుక్కున విరుగుతాయి. స్కెచ్ పెన్నులు మొరాయిస్తాయి. కాగితం గాలికి ఎగిరిపోతుంది, వేళ్లు కొంకర్లు పోతాయి. ఈ పిల్లలకు బయట ఉండటమే ఇష్టం లేదని అప్పుడు మనకు అనిపిస్తుంది. నిజానికి వాళ్లకు ఇచ్చిన పనే ఆ చోటికి, ఆ చలికి తగింది కాదు.

ఇంట్లో చేయగలిగిన పనిని ఇంట్లోనే చేయనివ్వండి. బయటికి వెళ్లేటప్పుడు బయట మాత్రమే కుదిరే పని ఎంచుకోండి. రాత్రి చలి నీళ్లను గడ్డకట్టిస్తుంది. వాలుగా పడే ఎండ నీడల్ని సాగదీస్తుంది. ఆకు రాల్చిన చెట్టు తన కొమ్మల గీతలన్నీ బయటపెడుతుంది. మంచు పడే చోటైతే నేలంతా ఖాళీగా, తెల్లగా సిద్ధంగా ఉంటుంది. వీటిలో ఏదో ఒకటి సగం పని చేసిపెట్టేలా చూసుకుంటే మిగతా సగం పిల్లలు హుషారుగా చేస్తారు.

కింద చెప్పిన పనుల్లో చాలావాటికి ఒకటే పద్ధతి. సాయంత్రం కాసేపు అమర్చాలి, పొద్దున లేచి వెళ్లి చూడాలి. ఆ రెండు విడతల్లోనూ బయట ఉండేది తక్కువసేపే కాబట్టి చలితో ఇబ్బంది ఉండదు. పైగా రాత్రంతా "ఏమైందో" అన్న ఆత్రం ఉంటుంది చూశారా, అదే పిల్లల్ని మర్నాడు పొద్దున్నే మంచం మీంచి లేపుతుంది. మీరున్న చోట నీళ్లు గడ్డకట్టేంత చలి పడకపోతే ఐస్ పనుల్ని రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున బయటికి తీసుకెళ్లి పూర్తి చేయొచ్చు. ఐస్‌తో, మంచుతో పని లేనివి చివరి భాగంలో ఉన్నాయి.

ముందు చేతుల సంగతి

చలికాలపు ఆట ఎంతసేపు సాగుతుందో నిర్ణయించేది పిల్లల చేతులే. వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కన్నా నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే రకం వెచ్చగా ఉంటుంది, ఎందుకంటే వేళ్లు ఒకదానికొకటి వేడినిచ్చుకుంటాయి. వాటితో కుంచె పట్టుకోవడం కష్టమే. అందుకే కుంచె పిడికి గుడ్డ చుట్టి టేపు వేసి లావుగా చేయండి. పెద్ద చెంచాలు, గరిటెలు, వెడల్పు కుంచెలు, నొక్కితే నీళ్లొచ్చే సీసాలు బాగా పనికొస్తాయి. సన్నని పనిముట్లేవీ తీసుకెళ్లొద్దు.

చేతులు తడవడం ఖాయం కాబట్టి మార్చుకోవడానికి ఇంకో జత జేబులో ఉండాలి. లోపలి బట్టలు నూలువి కాకుండా ఉన్నివి అయితే మంచిది. నూలు తడిస్తే ఒంటికి అంటుకుని వేడిని లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుకుంటుంది. ఒకే మందపాటి కోటు కన్నా రెండు మూడు పలచటి పొరలు నయం, ఉక్కపోస్తే ఒకటి విప్పేయొచ్చు.

చిన్నపిల్లలైతే ఇరవై, ముప్పై నిమిషాలకొకసారి లోపలికి తీసుకొచ్చి వెచ్చబరచండి. గాలి ఎక్కువగా ఉన్న రోజు ఇంకా ముందే. వేళ్లు తెల్లగా పాలిపోయినా, స్పర్శ తెలియడం లేదని పిల్లలు చెప్పినా ఆట అక్కడితో ఆపాలి. ఆ వేళ్లను గట్టిగా రుద్దకూడదు, వేడి నీళ్లలో ముంచకూడదు. పొడిగా తుడిచి, గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. స్పర్శ తిరిగి రాకపోతే డాక్టరుకు చూపించాలి.

ఇంకొక్క మాట. గడ్డకట్టిన చెరువు ఎంత గట్టిగా కనిపించినా దాని మీద పిల్లల్ని నడవనివ్వొద్దు. బొమ్మలు వేయడానికి నేల చాలు.

ఐస్ బిళ్లలు: వీటితో మొదలుపెట్టండి

మూడేళ్ల పిల్లల నుంచి పదిహేనేళ్ల వాళ్ల దాకా అందరికీ నచ్చేది, చెడిపోవడం చాలా తక్కువైనది ఇదే. అంచున్న పళ్లెంలో నీళ్లు పోసి, ఆకులూ పువ్వులూ వేసి, గడ్డకట్టాక తీసి కొమ్మకు వేలాడదీయడం. ఎండ దాని గుండా వచ్చినప్పుడు లోపలి ఆకు ఈనెలతో సహా వెలుగుతుంది.

మొదటి పని ఏరుకోవడం. పిల్లలకు తలా ఒక బుట్ట ఇచ్చి చుట్టుపక్కల తిప్పండి. ఎండాకులు, గడ్డి పరకలు, విత్తనాల కాయలు, పువ్వుల రేకలు, చిన్న పుల్లలు, ఈకలు. ఎండను బట్టి చూసుకోమనండి. పలచని ఆకు వెలుగును పోనిస్తుంది. దళసరి ఆకు నల్లటి నీడలా కనిపిస్తుంది. రెండూ కావాలి. ఏ చెట్టువో తెలియని పళ్లను మాత్రం ముట్టుకోనివ్వొద్దు. చలికాలంలో ఎర్రగా నిగనిగలాడే చిన్నపళ్లలో విషపువి కూడా ఉంటాయి, చిన్నపిల్లలు వాటిని నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది.

తర్వాత పళ్లెం. గాజుది వద్దు. నీళ్లు గడ్డకట్టేటప్పుడు ఘనపరిమాణంలో సుమారు 9 శాతం పెరుగుతాయి, ఆ ఒత్తిడికి గాజు పగులుతుంది. ప్లాస్టిక్ మూతలు, స్టీలు పళ్లాలు, కేకు అచ్చులు బాగుంటాయి.

ఇక పోయడం. అందరూ చేసేది ఏంటంటే నీళ్లు నిండా పోసి ఆకులు పడేస్తారు. ఆకులన్నీ పైకి తేలి, సగం బయటే ఉండిపోతాయి. రెండు విడతలుగా పోస్తే ఆ ఇబ్బంది రాదు. మొదట ఒక సెంటీమీటరు లోతు నీళ్లు పోసి గడ్డకట్టనివ్వండి. దాని మీద ఆకులు అమర్చండి. పిల్లలు నిజంగా కూర్పు గురించి ఆలోచించేది ఇక్కడే, తొందరపెట్టొద్దు. వేలాడదీయడానికి ఒక ఉన్ని దారాన్ని ఉచ్చులా మడిచి, రెండు కొసలూ పళ్లెం లోపల బాగా లోతుగా ఉండేలా పరచండి. కొసలు అంచు దగ్గరే ఆగిపోతే బిళ్ల బరువుకి ఊడి వస్తాయి. ఇప్పుడు పైన ఇంకో సెంటీమీటరు నీళ్లు పోయండి. ఈ రెండో విడత నీళ్లు బాగా చల్లగా ఉండాలి. మామూలు నీళ్లు పోస్తే కింది పొర కరుగుతుంది, లేదా టప్‌మని బీటలు వారుతుంది.

రాత్రంతా బయట ఉంచితే పొద్దుటికి బిళ్ల తయారవుతుంది. పళ్లెం అడుగును కాసేపు మామూలు నీళ్లలో ఆనిస్తే జారి వస్తుంది. వేడి నీళ్ల జోలికి వెళ్లొద్దు, బిళ్ల పగులుతుంది.

మధ్యలో తెల్లగా మబ్బు పట్టినట్టుందేమని పిల్లలు తప్పకుండా అడుగుతారు. నీళ్లలో కరిగి ఉన్న గాలికి ఐస్‌లో చోటు దొరకదు. గడ్డకట్టడం అంచుల నుంచి లోపలికి సాగుతుంటే ఆ గాలి ఇంకా గట్టిపడని నీళ్లలోకి జరుగుతూ జరుగుతూ, చివరికి మధ్యలో సన్నని బుడగలుగా చిక్కుకుపోతుంది. ఆ తెలుపు అదే. అది వద్దనుకుంటే పళ్లెం చుట్టూ, కింద మందపాటి గుడ్డ చుట్టి పై భాగం మాత్రం చలికి వదలండి. అప్పుడు పై నుంచి కిందికి ఒకే వైపుగా గట్టిపడుతుంది, పై భాగం అద్దంలా వస్తుంది. నన్నడిగితే ఆ మబ్బు ఉన్నవే అందం.

వేలాడదీసేటప్పుడు మనుషులు నడిచే దారి మీద, పిల్లల తలల పైన కట్టొద్దు. కరిగేటప్పుడు బిళ్ల ఒక్కసారిగా జారి పడుతుంది. పొద్దున ఒక్క గంటే ఎండ తగిలి, మిగతా రోజంతా నీడలో ఉండే కొమ్మ దొరికితే ఎక్కువ రోజులు నిలుస్తుంది.

ఇంకో చిన్న ఆట కూడా చెప్తాను. ఐదారు బిళ్లలు చేసి, ఒక్కోదాంట్లో ఒకే ఒక్క వస్తువు పెట్టి, వరసగా కట్టండి. అన్నీ కలిపి కూరేసినదాని కన్నా ఎక్కువసేపు చూడాలనిపిస్తుంది.

ఐస్‌లో రంగుల దారులు

పగిలిన బిళ్లలు, ఆకారం కుదరని గడ్డలు పారేయొద్దు. ఒక గిన్నెలోనో చిన్న డబ్బాలోనో గడ్డకట్టించిన దిమ్మను ట్రేలో పెట్టి, పైన గళ్లుప్పు కొద్దిగా చల్లండి. ఉప్పు తగిలిన చోట ఐస్ సున్నా డిగ్రీల కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో కూడా కరగడం మొదలవుతుంది. ఒక్కో ఉప్పు గల్లు కింద సన్నని గుంట పడి, లోపలికి సొరంగాల్లా దిగుతుంది. ఐదు నిమిషాలాగి నీళ్ల రంగు చుక్కలు వేస్తే రంగు ఆ సొరంగాలన్నిటిలోకి పాకుతుంది. దిమ్మ వెనక టార్చి పెడితే లోపల నీలం, ఎరుపు వేర్లు దిగినట్టు కనిపిస్తుంది.

ఇక్కడ జాగ్రత్త చాలా ముఖ్యం. ఉప్పు, ఐస్ కలిసిన మిశ్రమం మామూలు ఐస్ కన్నా చాలా చల్లబడుతుంది, సున్నాకు 21 డిగ్రీల కింది దాకా వెళ్లగలదు. దాన్ని ఒట్టి చేత్తో గుప్పిట పట్టుకుంటే చర్మం దెబ్బతింటుంది. ఉప్పు చల్లడం చెంచాతో, రంగు వేయడం డ్రాపర్‌తో. ఈ పని ట్రేలోనే చేయాలి. ఉప్పునీళ్లు మొక్కల మొదట్లో పారబోస్తే అవి మాడిపోతాయి, మురుగు కాలువలో పోయండి.

ఐస్ లాంతరు

దీనికి కాస్త ఓపిక కావాలి. కానీ చీకటి పడ్డాక ముంగిట్లో నాలుగు ఐస్ లాంతర్లు వెలుగుతుంటే పిల్లలు లోపలికి రానే రారు. బయట నిజంగా గడ్డకట్టే చలి ఉన్నవాళ్ల పద్ధతి ఇది.

1. ప్లాస్టిక్ బకెట్ తీసుకుని అంచుకు నాలుగు వేళ్లు తక్కువగా నీళ్లు పోయండి. నీళ్లు పెరిగేందుకు ఆ ఖాళీ కావాలి.

2. బకెట్‌ను మంచు మీదో, మందపాటి గుడ్డ మీదో పెట్టి బయట వదిలేయండి. చలి పైనుంచి, పక్కల నుంచి తగులుతుంది. అడుగు భాగానికి కింద ఉన్న మంచు దుప్పటిలా అడ్డుపడుతుంది కాబట్టి అక్కడ ఆలస్యంగా గడ్డకడుతుంది.

3. మొత్తం గడ్డకట్టక ముందే తీయాలి. సున్నాకు 10 డిగ్రీల కింద ఉంటే ఒక రాత్రికి గోడలు తయారవుతాయి. ఇది బకెట్ సైజును బట్టి, గాలిని బట్టి మారుతుంది. పైన గట్టిగా తట్టి, పక్కల ఐస్ రెండు మూడు వేళ్ల మందం ఉందనిపిస్తే చాలు.

4. పక్కల మీద కాసిన్ని మామూలు నీళ్లు పోసి, బకెట్‌ను బోర్లించండి. దిమ్మ జారి వస్తుంది. ఇప్పుడు పైకి వచ్చింది అడుగు భాగం. అక్కడ పొర పలచగా ఉంటుంది, లేదా అసలుండదు. చెంచా పిడితో పొడిచి, లోపల గడ్డకట్టని నీళ్లు ఒంపేయండి. ఈ పొడవడం పెద్దవాళ్ల పని, ఒంపడం పిల్లల పని.

5. బోలుగా మిగిలిన దాంట్లో బ్యాటరీ దీపం పెట్టండి. కొవ్వొత్తి కూడా పెట్టొచ్చు, పైన తెరిచే ఉంటుంది కాబట్టి ఆరదు. కాకపోతే పెద్దవాళ్లు దగ్గరుండాలి.

మొత్తం గడ్డకట్టేసిందనుకోండి, దాన్ని కరిగించే ప్రయత్నం చేయొద్దు. అది మంచి దిమ్మ. కొన్ని దిమ్మలు పక్కపక్కన పేర్చి మధ్యన దీపం పెట్టండి.

ఫ్రీజర్‌లో చేసేవాళ్లకు, లోపల ఆకులు కూడా కావాలనుకునేవాళ్లకు రెండు గిన్నెల పద్ధతి ఉంది. పెద్ద గిన్నెలో చిన్న గిన్నె పెట్టి, చిన్నదాంట్లో రాళ్లు వేసి బరువు పెంచండి. అడుగున వేలెడు మందం నీళ్లు ముందే గడ్డకట్టించుకుంటే చిన్న గిన్నె దాని మీద సరిగ్గా కూర్చుంటుంది. చిన్న గిన్నె పక్కకు జరగకుండా రెంటి అంచుల మీదుగా టేపు వేయండి. మధ్య సందులో ఆకులు, పువ్వులు దోపి, చల్లని నీళ్లు పోయండి. గడ్డకట్టాక చిన్న గిన్నెలో రాళ్లు తీసేసి మామూలు నీళ్లు పోస్తే అది ఊడొస్తుంది.

మంచు మీద రంగులు

తెల్లటి మంచు మీద రంగు చల్లడం పిల్లలు నేర్పకుండానే చేస్తారు. మీరు చూసుకోవాల్సింది మూడే. నీళ్లు చల్లగా ఉండాలి, గోరువెచ్చగా ఉన్నా మంచు కరిగి గుంటలు పడతాయి. రంగు మీరనుకున్న దానికన్నా చిక్కగా కలపాలి, మంచు మీద అన్ని రంగులూ వెలిసిపోయినట్టే కనిపిస్తాయి. స్ప్రే సీసా మూతి గడ్డకట్టి మూసుకుపోతుంది కాబట్టి, మూతకు రెండు మూడు చిల్లులు పెట్టిన మెత్తటి ప్లాస్టిక్ సీసాలు కూడా తీసుకెళ్లండి. ఫుడ్ కలర్ బట్టల మీద పడితే ఆ మరక పోదు గాక పోదు, పాత కోట్లు వేయండి. పసుపు రంగు ఒక్కటే మంచు మీద వాడొద్దని, ఎవరో ఉచ్చ పోసినట్టుంటుందని పిల్లలే అంటారు, అని పకపకా నవ్వుతారు.

ఊరికే చల్లడం కాసేపటికి బోర్ కొడుతుంది. అప్పుడు నేల నుంచి నిలువుకు మారండి. చెట్టు మొదలుకి ఆనించి మంచును గోడలా తట్టి, దాన్ని పలకతో నున్నగా చేయండి. ఇప్పుడు కుంచె ఆడుతుంది. ముఖాలు వేయొచ్చు, పుల్లలతో వెంట్రుకలు గుచ్చొచ్చు. దీనికి తడి మంచు కావాలి. గుప్పిట పట్టి నొక్కితే ఉండ కట్టాలి. అలాంటి మంచు సున్నా డిగ్రీల దరిదాపుల్లో ఉన్నప్పుడే దొరుకుతుంది. బాగా చలి పడ్డ రోజు మంచు పొడిపొడిగా రాలిపోతుంది. ఆ రోజు శిల్పాలు వదిలేసి గీతల పని పెట్టుకోండి.

కాగితం మీద వేయాలని పట్టుబట్టే పిల్లలు కొందరుంటారు. వాళ్లకు దళసరి కాగితం ఇచ్చి, నీళ్లు ధారాళంగా కలిపిన వాటర్ కలర్ పూయమనండి. తర్వాత దాన్ని గడ్డకట్టే చలిలో చదునుగా ఉంచి వదిలేయాలి. నీళ్లు ఐస్ స్ఫటికాలుగా పెరుగుతూ రంగు కణాల్ని పక్కకు నెడతాయి. కాగితం మీద ఈకల్లాంటి, రెమ్మల్లాంటి గీతలు వాటంతటవే లేస్తాయి. వెంటనే ఇంట్లోకి తెస్తే ఐస్ కరిగి గీతలు అలుక్కుపోతాయి. బయటే ఆ చలిలోనే ఆరనిస్తే ఎక్కువ నిలుస్తాయి.

కాళ్లతో గీసే పువ్వు

ఎవరూ నడవని తాజా మంచు మైదానం దొరికితే రంగులన్నీ పక్కన పెట్టండి. సైమన్ బెక్ అనే బ్రిటిష్ కళాకారుడు 2004 నుంచి ఫ్రాన్స్ ఆల్ప్స్‌లోని లెజార్క్ ప్రాంతంలో మంచులో కూరుకుపోకుండా కాళ్లకు కట్టుకునే వెడల్పాటి స్నోషూలు వేసుకుని, నడకతోనే మైదానమంత ముగ్గులు గీస్తూ వస్తున్నాడు. పిల్లల స్థాయికి తగ్గట్టు అదే పని ఒక కర్ర, ఒక తాడుతో చేయొచ్చు.

మధ్యలో ఒకరు కర్ర పట్టుకుని నిలబడాలి. ఆ కర్రకు నాలుగైదు మీటర్ల తాడు కట్టి, రెండో కొస ఇంకొకరు పట్టుకుని, తాడు బిగువుగా ఉండేలా చుట్టూ నడవాలి. పాదాలు ఈడ్చుకుంటూ నడిస్తే గీత స్పష్టంగా పడుతుంది. వృత్తం అయింది. ఇప్పుడు కర్రను ఆ వృత్తం గీత మీద ఏదో ఒక చోటికి మార్చి, అదే తాడుతో, తాడు పొడవు మార్చకుండా, వృత్తం లోపల మాత్రమే ఒక వంపు గీయాలి. ఆ వంపు వృత్తాన్ని రెండు చోట్ల తాకుతుంది. తాకిన చోటికి కర్రను జరిపి మళ్లీ వంపు. ఇలా ఆరుసార్లు చేస్తే మొదలుపెట్టిన చోటికే సరిగ్గా తిరిగొస్తారు, లోపల ఆరు రేకల పువ్వు పూర్తవుతుంది. వ్యాసార్ధం వృత్తం మీద సరిగ్గా ఆరుసార్లు పడుతుందన్న సంగతి కాళ్లతో తెలుసుకున్న పిల్లలు దాన్ని మర్చిపోరు.

ఒక చిక్కుంది. కర్ర పట్టుకునే వాళ్లు మధ్యకు ఎలా వెళ్తారు, పూర్తయ్యాక ఎలా బయటికొస్తారు? ప్రతి అడుగూ గీతే. ఈ ప్రశ్నను పిల్లలకే వదిలేయండి, పదేళ్లు దాటిన వాళ్లు దీని మీద అరగంట వాదించుకుంటారు. తేలికైన జవాబు: రాబోయే రేకల గీతల మీదుగానే నడవడం. పువ్వు పూర్తయ్యాక ఒకటి విడిచి ఒక రేకను తొక్కి నింపొచ్చు. చూడటానికి మేడ మీద కిటికీ గానీ, పక్కన గట్టు గానీ కావాలి. మిట్టమధ్యాహ్నం కన్నా పొద్దున, సాయంత్రం ఎండ వాలినప్పుడు అడుగుల గుంటల్లో నీడ చేరి బొమ్మ పైకి లేచినట్టు కనిపిస్తుంది.

మంచు లేకపోతే ఇదే పువ్వును ఇసుకలో గీయండి. తెల్లవారాక గడ్డి మీద మంచుబిందువులు దట్టంగా ఉన్నప్పుడు కూడా కుదురుతుంది. అడుగు పడ్డ చోట నీటి చుక్కలు రాలి, వెండి రంగు గడ్డి మీద ముదురాకుపచ్చ గీత పడుతుంది. ఎండెక్కే లోపు చేయాలి. గడ్డి నిజంగా గడ్డకట్టి తెల్లగా ఉంటే మాత్రం తొక్కొద్దు, పరకలు విరిగి చచ్చిపోతాయి.

రాలే మంచును పట్టుకుని గీయడం

పిల్లలు వేసే మంచు రేకల బొమ్మల్లో తరచుగా ఎనిమిది కొమ్మలుంటాయి. కాగితాన్ని మడిచి మడిచి కత్తిరిస్తే అలాగే వస్తుంది మరి. అసలైనదానికి ఆరు. ఎందుకు ఆరే అని ఖగోళ శాస్త్రవేత్త యోహానెస్ కెప్లర్ 1611లోనే ఒక చిన్న పుస్తకం రాశాడు. నీటి అణువులు ఐస్‌గా మారేటప్పుడు ఆరు భుజాల అల్లికలో కూర్చుంటాయన్నది తర్వాత తేలిన కారణం. అమెరికాలోని వెర్మాంట్‌కు చెందిన విల్సన్ బెంట్లీ అనే రైతు 1885 జనవరి 15న మైక్రోస్కోపుకు కెమెరా బిగించి ఒక్క మంచు స్ఫటికాన్ని ఫోటో తీయగలిగాడు. జీవితకాలంలో అలాంటివి 5,000కు పైగా తీశాడు.

మీకు కావాల్సింది నల్లటి ముఖమల్ గుడ్డ చుట్టిన అట్ట, ఒక భూతద్దం, పెన్సిలు. చలికి ఏమాత్రం లొంగని రాత సామాను పెన్సిలే. అట్టను, భూతద్దాన్ని అరగంట ముందే బయట పెట్టి చల్లబరచాలి, లేకపోతే రేక తగలగానే కరుగుతుంది. మంచు పడేటప్పుడు అట్ట చాచి పట్టి, ఊపిరి దాని మీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకుని చూడాలి. మొత్తం గీయడానికి టైముండదు. ఒక్క కొమ్మను మాత్రం శ్రద్ధగా చూసి గీయమనండి. అదే ఆరుసార్లు వేస్తే బొమ్మ పూర్తవుతుంది. నిజం చెప్పాలంటే చాలా రేకలు విరిగినవే, కొమ్మలు సమానంగా లేనివే దొరుకుతాయి. వాటినీ గీయనివ్వండి.

సున్నాకు 10 డిగ్రీల కిందికి దిగి, గాలి అస్సలు లేని రోజొస్తే సబ్బు బుడగలు ఊదించండి. ఒక గ్లాసు నీళ్లలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్, రెండు చెంచాల పంచదార కలిపి చల్లబరిచి, స్ట్రాతో మెల్లగా ఊది, బుడగను మంచు మీద దించాలి. అడుగు నుంచి స్ఫటికాలు పైకి పాకుతాయి. ఫోటో తీయడానికి ఇంతకన్నా మంచి వస్తువు లేదు.

మంచూ ఐసూ లేని చలికాలం

ఎండ ఉంటే చాలు. భూమధ్యరేఖకు దూరంగా వెళ్లేకొద్దీ చలికాలపు సూర్యుడు ఆకాశంలో కిందుగా నడుస్తాడు, మధ్యాహ్నం కూడా నీడలు పొడుగ్గానే ఉంటాయి. ఆకులేని కొమ్మ నీడ పడే చోట పెద్ద తెల్ల కాగితం పరిచి, మూలల మీద రాళ్లు పెట్టండి. పిల్లలు నీడను బొగ్గుతోనో చాక్‌పీసుతోనో అనుసరించి గీయాలి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి నీడ చేతి కిందనుంచే జారిపోతుంటుంది. విసుక్కోకుండా దాన్నే ఆటగా మార్చండి. ఇరవై నిమిషాలకొకసారి రంగు మార్చి, అదే కాగితం మీద మళ్లీ గీయండి. నాలుగు రంగుల్లో నాలుగు కొమ్మలు ఒకదాని మీదుగా ఒకటి జరుగుతూ కనిపిస్తాయి. పెద్దపిల్లలు ఒకరి నీడను ఒకరు నేల మీద చాక్‌పీసుతో గీసి, లోపల ఆకులతో, గులకరాళ్లతో నింపొచ్చు.

రాలిన ఆకులు ఉన్న చోట ఆండీ గోల్డ్‌స్వర్తీ బాట పట్టొచ్చు. 1956లో పుట్టిన ఈ బ్రిటిష్ శిల్పి ఆకులు, రాళ్లు, పుల్లలు, ఐస్ ముక్కలు, ఇలా ఆ చోట దొరికిన వాటితోనే పనిచేస్తాడు. చాలావరకు ఆ శిల్పాలు కరిగిపోతాయి, ఎగిరిపోతాయి, ఫోటో మాత్రం మిగులుతుంది. పిల్లలతో చేయడానికి తేలికైనది రంగుల వరస. ఒకే చెట్టు ఆకుల్ని పోగేసి, అన్నిటికన్నా ముదురు రంగుది మొదటగా, అన్నిటికన్నా లేతది చివరగా వరసలో పెట్టమనండి. ఇంతేనా అనిపిస్తుంది. కానీ గోధుమ రంగులోనే ఇన్ని రకాలున్నాయా అని పిల్లలు గుర్తించేది, ఈ ఆకు ముందా ఆ ఆకు ముందా అని గొడవపడేది ఇక్కడే. ఆ వరసను వృత్తంగా చుట్టి, మధ్యలో ఖాళీ వదిలేస్తే చాలా బాగుంటుంది. గాలి ఉంటే ఆకుల్ని సన్నని పుల్లలతో నేలకు గుచ్చండి.

బెరడు అచ్చులు కూడా చలికాలంలోనే హాయి, చెట్టు దగ్గర పురుగులూ చీమలూ తక్కువ. పలచని కాగితాన్ని బెరడుకు ఆనించి, తాడుతో చుట్టూ కట్టేసి, క్రేయాన్‌ను అడ్డంగా పట్టి రుద్దాలి. క్రేయాన్లు విరక్కుండా ఉండాలంటే వాడే దాకా లోపలి జేబులో వెచ్చగా ఉంచండి. ఐదు చెట్ల అచ్చులు తీసి, కలిపేసి, ఏది ఏ చెట్టుదో కనిపెట్టమని ఇంకొకరికి ఇవ్వండి.

వయసు, ఫోటోలు, సర్దుకోవడం

మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు ఏరడం, పోయడం, చల్లడం. ఆరు నుంచి తొమ్మిది వాళ్లకు ఐస్ బిళ్లల కూర్పు, ఆకుల వరస, నీడలు. ఆపైన వాళ్లకు లాంతరు, తాడు పువ్వు, మంచు రేకలు. కలిసి చేసేటప్పుడు పెద్దపిల్లలకు ఫోటోల బాధ్యత ఇవ్వండి. వెలుగు వెనక నుంచి వచ్చేలా నిలబడి తీస్తే ఐస్ బాగా పడుతుంది. ఫోన్ బ్యాటరీ చలికి గబగబా పడిపోతుంది, తీసే దాకా కోటు లోపల పెట్టుకోవాలి.

కరిగిపోతుందని ఏడ్చే పిల్లలుంటారు. వాళ్లకు ఓదార్పు మాటల కన్నా పని ఇవ్వడం మేలు. ఐస్ బిళ్ల కింద తెల్ల కాగితం పెట్టి, ఏ ఆకు ఎప్పుడు రాలిందో టైము వేసుకోమనండి. లాంతరు ఎత్తును రోజూ స్కేలుతో కొలవమనండి. కొందరికి చేసిన దానికన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది.

వెళ్లేముందు దారాలు, టేపు ముక్కలు, స్ట్రాలు అన్నీ ఏరి సంచిలో వేయండి. ఐస్‌లో ఉండిపోయిన ఉన్ని దారాలు కరిగాక కొమ్మలకే వేలాడుతుంటాయి, పక్షుల కాళ్లకు చుట్టుకుంటాయి. వాటిని కత్తిరించి తీసేయడానికి ఒక కత్తెర జేబులో ఉంచుకోండి, చలి తగ్గిన వారం ఇంకోసారి ఆ చెట్ల దగ్గరికి వెళ్లి చూసి రండి.